రాతి మీద పదహారో పేరు

వనపర్తి ఊరు దాటాక వచ్చే రెహబోతు బాలికల బోర్డింగ్ బడిలో ఆ వేసవి పాత బావిని మూసేయాలనుకున్నారు. నల్లా నీళ్లు వచ్చాక దానితో ఎవరికీ అవసరం లేకపోయింది. పిల్లలు గట్టు మీదికెక్కి తొంగి చూస్తున్నారని, రేపు ఏదైనా జరిగితే ఎవరు జవాబు చెప్పాలని కరెస్పాండెంట్ ఏసురత్నం గారికి దిగులు. పైన శ్లాబు పోయించాలని నిశ్చయించి, ముందు పూడిక తీసే పనిని మేస్త్రీ మహిపాల్‌కు అప్పజెప్పారు. రెండు మోటార్లు పెట్టి రెండు రోజులు తోడితే గానీ అడుగు కనిపించలేదు.

మూడో రోజు మధ్యాహ్నం మహిపాల్ మోచేతుల దాకా బురదతో స్టాఫ్ రూం దగ్గరికి వచ్చాడు. అక్కడ శ్రీవాణి ఒక్కతే ఉంది. ఆమె సైన్సు టీచరు. ఊరు తిమ్మాజిపేట. హాస్టల్లోనే ఉంటుంది కాబట్టి సెలవుల్లో కూడా సగం రోజులు బడిలోనే గడుపుతుంది.

"కింద రాయి మీద పేర్లున్నయ్ మేడం. అన్నీ ఆడోళ్ల పేర్లే," అన్నాడు మహిపాల్.

ఇంకొకరైతే ఫొటో తీసి పంపమనేవారు. శ్రీవాణి అలాంటి మనిషి కాదు. ఒక సంగతి అర్థం కాకపోతే అన్నం తింటున్నా దాని గురించే ఆలోచిస్తుంది. చున్నీ నడుముకు బిగించి, చెప్పులు గట్టు మీద విడిచి, సగం దాకా మెట్ల మీద, ఆ తర్వాత మహిపాల్ వేసిన ఇనుప నిచ్చెన మీద కిందికి దిగింది.

పైనుంచి ఇరవై అడుగుల దాకా చక్కగా చెక్కిన రాళ్ల కట్టడం. అక్కడ అరుగులాగా ఒక అంచు. దాని కింద కట్టడం లేదు, ఒట్టి బండ. ఆ బండ నిండా గడ్డపార పోట్లు, అక్కడక్కడా బండను పేల్చే మందు తూటా పెట్టడానికి దొలిచిన బెజ్జాలు. అంచుకు కాస్త కిందుగా, నిచ్చెన మీంచి చేతికందే ఎత్తులో, ఉలితో చెక్కిన పేర్లు వరసగా ఉన్నాయి. ప్రతి పేరు పక్కనా ఒక ఊరు. సువార్తమ్మ, కోడేరు. లక్ష్మీదేవి, పెబ్బేరు. బీబీజాన్, కల్వకుర్తి. ఆర్. బాలమ్మ, వీపనగండ్ల. శ్రీవాణి వేలితో నాచు తుడుచుకుంటూ ఒక్కొక్కటే చదివింది. పదిహేను పేర్లు. పదహారోది మాత్రం చదవడానికి వీల్లేదు. దాని మీద ఉలితో అడ్డంగా నిలువుగా గీతలు గీసి ఉన్నాయి. పక్కన ఊరి పేరు ఒక్కటే మిగిలింది, గద్వాల.

నీళ్లకు అరిగిపోయిన అక్షరాలు ఎలా ఉంటాయో ఆమెకు తెలుసు. ఇవి అరిగినవి కావు. ఎవరో కావాలని కొట్టేశారు.

ఫోన్లో పేర్ల ఫొటో తీసుకొని పైకి వచ్చాక ఆమె చేసిన మొదటి పని, బడి వజ్రోత్సవాలప్పుడు వేసిన పుస్తకం తిరగేయడం. బడి పెట్టిన తెల్లవాళ్ల మిషన్ దొరసానమ్మ ఈ బావి తవ్వించిందని అందులో ఒకే ఒక్క వాక్యం ఉంది. అది నిజమే కావచ్చు, కానీ కట్టడం వరకే. ఆ కింద పదిహేను అడుగుల బండను ఆ తర్వాత ఎవరో తవ్వారు. ఏసురత్నం గారిని అడిగితే, కూలివాళ్లు పని చేసిన గుర్తుగా ఏవో రాసుకొని ఉంటారన్నారు. కూలివాళ్లు ఆడపిల్లల పేర్లెందుకు చెక్కుతారని ఆమె అడిగితే, ఆయన శ్లాబు కోసం కంకర ఎప్పుడొస్తుందో కనుక్కోమని మహిపాల్‌కు ఫోన్ చేయసాగారు.

వంటమనిషి ఎస్తేరమ్మ మాత్రం చేట పక్కన పెట్టి శ్రద్ధగా విన్నది. ఆమె చిన్నప్పుడు ఇదే బోర్డింగులో చదువుకుంది. పెద్దక్కలు బావి తవ్వారని తన కాలంలో ఒక మాట వినబడేదట. పిల్లలను పనికి వంచడానికి వార్డెన్లు పుట్టించిన కథ అనుకొని ఎవరూ నమ్మలేదట. ఫోన్లోని ఫొటోను దగ్గరికి తెచ్చుకొని చాలాసేపు చూసి, "మరి నిజమేనన్నట్టు," అన్నది.

మర్నాడు పొద్దున్నే శ్రీవాణి వీపనగండ్ల బస్సెక్కింది. పదిహేను మందిలో ఆ ఊరే ఎందుకని అడిగితే, మొదటి బస్సు దానికే దొరికింది. బాలమ్మ అనే పేరు ఊళ్లో నలుగురికి ఉంది. బోర్డింగులో చదివిన బాలమ్మ అనేసరికి కిరాణా కొట్టాయన నేరుగా ఇల్లు చూపించాడు.

బాలమ్మకు అరవై ఏడేళ్లు. వసారాలో వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. శ్రీవాణి తానెవరో చెప్పి ఫోన్లో ఫొటో చూపించింది. బాలమ్మ కళ్లద్దాలు తెచ్చుకొని, అక్షరం అక్షరం చదివి, తన పేరు దగ్గర ఆగింది.

"ఇంక ఉన్నదా గది," అన్నది మెల్లగా. "నీళ్లల్ల కరిగిపోయి ఉంటదనుకున్న."

ఆ తర్వాత ఆమె ఒలవడం ఆపలేదు గానీ మాట ఒకటొకటిగా బయటికి వచ్చింది. అది డెబ్బై రెండు కరువు. సంక్రాంతి దాటిన కొన్నాళ్లకే బావి ఎండిపోయింది. దొరసానులు వెళ్లిపోయి అప్పటికి చాలా ఏళ్లయింది, బడిని కరుణమ్మ టీచర్ నడిపేది. ఊరవతల నుంచి బండి మీద తెచ్చే రెండు పీపాల నీళ్లు వందమంది పిల్లలకు ఏ మూలకూ చాలేవి కావు. బడి మూసేసి పిల్లలను ఇళ్లకు పంపాలని కరుణమ్మ టీచర్ నిశ్చయించుకుంది. పిల్లల తండ్రులకు కార్డులు రాసింది. బాలమ్మ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని చిరునామాలు ఆమె చేతనే రాయించింది.

"మా నాయిన పేరు నేనే రాసిన. ఇంటికి పోతె మల్ల రాము, అందరికి ఎరుకే. కరువుల ఇంటికొచ్చిన ఆడపిల్లను మల్ల బడికి ఎవలు పంపుతరు? నేను కార్డులన్ని రాసి, గవి చేతుల పెట్టకుండ, టీచరమ్మా ఇరవై దినాలు ఆగుండ్రి, మేం తవ్వుతమన్న."

కరుణమ్మ టీచర్ నవ్వలేదట, కోప్పడనూ లేదట. కార్డులు తీసుకొని సొరుగులో పెట్టి తాళం వేసిందట. ఎల్లన్న అని రాళ్లు కొట్టే ఆయన కూతురు అదే బడిలో రెండో తరగతి చదివేది. ఆయనను పిలిపించింది. ఎల్లన్న బెజ్జాలు దొలిచి తూటాలు పేల్చేవాడు. తొమ్మిది, పది తరగతుల పిల్లలు పదహారు మంది పగిలిన రాయిని గడ్డపారలతో పెళ్లగించి, తట్టలకెత్తి, మోకుతో పైకి లాగేవారు. చేతులు బొబ్బలెక్కి, బొబ్బలు పగిలి, అన్నం కలుపుకోవడానికి వీల్లేకపోతే చిన్నపిల్లలు ముద్దలు చేసి పెట్టేవారు. అయిదో రోజు ఎల్లన్న తన ఉలి ఇచ్చి పేర్లు చెక్కుకోండన్నాడు. పందొమ్మిదో రోజు పొద్దున నీళ్లు పడ్డాయి.

శ్రీవాణి అప్పటిదాకా మనసులో పెట్టుకున్న ప్రశ్న అడిగింది. "అవ్వా, గద్వాల అని ఉన్న పేరు ఎవరిది? ఎవరు కొట్టేశారు?"

బాలమ్మ చేతిలోని కాయను చేటలో పడేసింది.

"నేనే కొట్టేసిన. దాని పేరు రాహేలు. నా పక్క చాప దానిదే. తవ్వుదామని ముందుగాల అన్నది నేను గాదు, అదే. తొమ్మిదో దినం వాళ్ల నాయిన వచ్చిండు, పెట్టె పట్టుకొని వెంట పోయింది. ఎందుకు పోతున్నవే అంటె మాట్లాడలె. నా మొకం సుత సూడలె. గా సాయంత్రమే దిగి గీకేసిన."

తర్వాత ఎప్పుడూ ఆమెను చూడలేదా అంటే, లేదన్నది. ఏమైందో తెలుసుకోవాలనిపించలేదా అంటే, అనిపించకుండా ఎలా ఉంటుందన్నది. తన సంగతి కూడా చెప్పింది. నీళ్లు పడ్డాయి, బడి నిలిచింది, కానీ మరుసటి ఏడు పదో తరగతి పరీక్షలకు రెండు నెలల ముందు నాయిన వచ్చి తీసుకుపోయాడు. మేనబావకు ఇచ్చి చేశారు, ఊళ్లోనే. ఆ మాట ఆమె ఏ విసురూ లేకుండా, వాన ఎప్పుడు పడ్డదో చెప్పినట్టు చెప్పింది.

వనపర్తికి తిరిగి వచ్చే బస్సులో శ్రీవాణికి ఒకటే ఆలోచన. తవ్వుదామని ముందు అన్న పిల్ల తొమ్మిదో రోజు మాటా పలుకూ లేకుండా ఎందుకు వెళ్లిపోతుంది? భయపడిందా? ఇంట్లో ఎవరైనా పోయారా? అలాంటిదైతే పక్క చాప మీది స్నేహితురాలికి చెప్పడానికి ఏం అడ్డం?

రాహేలును వెతకడం అనుకున్నంత కష్టం కాలేదు. ఎస్తేరమ్మ గద్వాల చర్చిలో తనకు తెలిసిన వాళ్లకు రెండు ఫోన్లు చేసింది. మూడో ఫోన్ అక్కడి నుంచే తిరిగి వచ్చింది. రాహేలమ్మ సిస్టరు అంటే అక్కడ తెలియనివారు లేరట. ముప్పై రెండేళ్లు సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరయ్యారు. సంగతి విని శ్రీవాణి ఒక్క క్షణం తెల్లబోయింది. బావి తవ్విన బాలమ్మ చదువు ఆగిపోయింది. వదిలి వెళ్లిన రాహేలు నర్సయింది. ఇది వీపనగండ్లలో ఎలా చెప్పాలో ఆమెకు తోచలేదు.

గద్వాలలో కోటకు దగ్గరి వీధిలో రెండు గదుల ఇల్లు. రాహేలమ్మ సన్నగా, నిటారుగా ఉన్న మనిషి. శ్రీవాణి ఫోన్ చేతికిస్తే, ఆమె పేర్లేవీ చదవలేదు. గీతలు కొట్టి ఉన్న చోటే చూసింది.

"ఎవలు కొట్టేసిన్రు?"

చెప్పాలా వద్దా అని శ్రీవాణి తటపటాయించింది. అప్పటికే రాహేలమ్మ తల ఊపింది.

"బాలమ్మనే అయి ఉంటది. గంత కోపం దానికే ఉంటది. బతికున్నదా?"

ఉన్నదని చెప్పి, ఎందుకు వెళ్లిపోయారని శ్రీవాణి అడిగింది. రాహేలమ్మ ఫోన్ తిరిగి ఇచ్చేసి, లోపలికి వెళ్లి టీ పెట్టుకొచ్చింది. టీ తాగడం అయింది. చివరికి, ఆ సంగతి ఎవరికీ చెప్పనని ఒకరికి మాట ఇచ్చానని, ఆ మనిషి పోయి ఇరవై ఏళ్లయిందని, ఇప్పుడు చెప్పొచ్చో లేదో తనకు తెలియదని అన్నది. ఆ తర్వాత తనే నిశ్చయించుకుంది.

"చెప్తె ముందుగాల బాలమ్మకే చెప్పాలె. నువ్వు పక్కన కూసోని ఇను. ఎప్పుడు పోదాం?"

ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరూ బయల్దేరారు. దారంతా రాహేలమ్మ కిటికీ పక్కన కూర్చొని, ఎండిన చేలను, మధ్యలో పచ్చగా పారుతున్న కాలువను చూస్తూ, బాలమ్మకు పిల్లలెంతమంది, మోకాళ్ల నొప్పులున్నాయా, ఇంకా అట్లాగే గట్టిగా మాట్లాడుతుందా అని అడుగుతూనే ఉంది. అసలు సంగతి మాత్రం అనలేదు.

బాలమ్మకు ముందే ఫోన్ చేసి చెప్పారు. ఆమె వసారాలో మంచం వాల్చి, దాని మీద దుప్పటి పరిచి, తను మాత్రం గడప మీద కూర్చొని ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరూ ఏడవలేదు. బాలమ్మ, "బక్కగనే ఉన్నవ్," అన్నది. రాహేలమ్మ మంచం మీద కూర్చోకుండా వచ్చి గడప పక్కన నేల మీద కూలబడింది.

"చెప్పకుండ ఎందుకు పోయినవే?" బాలమ్మ అడిగింది. యాభై ఏళ్ల కింద అడిగిన ప్రశ్నను అక్కడి నుంచే అందుకున్నట్టు అడిగింది.

రాహేలమ్మ చెప్పింది. తొమ్మిదో రోజు పొద్దున ఎల్లన్న తూటా పేల్చాడు. పొగ పోయేదాకా ఎవరూ దిగొద్దని రోజూ చెప్పినట్టే చెప్పి, బీడీ ముట్టించుకుంటూ పక్కకు పోయాడు. మిగతా పిల్లలు అన్నాలకు వెళ్లారు. రాహేలుకు ఆగబుద్ధి కాలేదు. ఈసారి చప్పుడు వేరుగా వినబడింది, గుల్లగా. కింద ఏముందో చూడాలనిపించింది. చెంగు ముక్కుకు కట్టుకొని ఒక్కతే దిగింది.

"కండ్లు మండినయ్. ఏం కనపడలె. చేత్తోని తడుముకుంట పోయిన. ఇంతల గాలి ఆడలె. గంతే, గంతవరకే ఎరుక. కండ్లు తెరిచేసరికి కరుణమ్మ టీచర్ గదిల ఉన్న. ఎల్లన్న నన్ను బుజం మీద ఏసుకొని పైకి తెచ్చిండట. రక్తం కక్కిన్నట. ఎల్లన్న తల పట్టుకొని మూలకు కూసున్నడు."

గదిలో ఉన్నది ఆ ముగ్గురే. కరుణమ్మ టీచర్ ఆమె పక్కన కూర్చొని, ముఖం తుడిచి, మెల్లగా చెప్పిందట. ఒక పిల్ల బావిలో పడిపోయిందని బయటికి పొక్కితే సాయంత్రానికల్లా తల్లిదండ్రులు బండ్లు కట్టుకొని వస్తారు. పదిహేను మందినీ తీసుకుపోతారు. చిన్నపిల్లలను కూడా. ఎల్లన్నను పోలీసులు పట్టుకుపోతారు. ఇంతమంది కష్టం బండల పాలవుతుంది. నిన్ను దవాఖానకు పంపిస్తాను, ఇప్పుడే బస్సుకు మనిషిని పంపి మీ నాయినను పిలిపిస్తాను, కానీ ఎవరికీ చెప్పకు. బాలమ్మకు కూడా చెప్పకు, దాని నోట్లో మాట ఆగదు.

"గట్లనే అన్నది. బాలమ్మకు సుత చెప్పకని. నేను సరే అన్న. మా నాయిన వచ్చినంక పెట్టె పట్టుకొని వస్తుంటె నువ్వు అడ్డం నిలబడి అడిగినవ్. నీ మొకం సూస్తె చెప్పేస్తనని నేల సూసుకుంట పోయిన."

నాలుగు నెలలు దవాఖానలోనే ఉన్నదట. అక్కడి నర్సులను చూసి తనూ నర్సు కావాలనుకున్నదట. తర్వాత గద్వాలలోనే బడిలో చేరింది. బాలమ్మకు ఉత్తరం రాయాలని ఎన్నోసార్లు కూర్చుంది. మాట ఇచ్చాను కదా అని ఆగిపోయేది. కొన్నేళ్లు గడిచాక ఇక ఏ ముఖం పెట్టుకొని రాయాలో తెలియలేదు.

బాలమ్మ లేచి ఇంటి వెనక్కి పోయింది. చాలాసేపు రాలేదు. శ్రీవాణి లేవబోతే రాహేలమ్మ చెయ్యి పట్టి ఆపింది. దొడ్లో కోళ్లను అదిలించే చప్పుడు, చెంబు కింద పెట్టిన చప్పుడు వినబడ్డాయి. తిరిగి వచ్చేసరికి బాలమ్మ ముఖం కడుక్కొని ఉంది. మళ్లీ గడప మీద కూర్చుంది.

"టీచరమ్మ నన్ను నమ్మలె, మంచిది. నువ్వు గట్ల ఇడిసిపెట్టి పోయేదానివి గావని నాకు ఎరుక ఉండాలె గద. నేను ఎట్ల నమ్మిన?" అన్నది. అది ఎవరిని అడిగిందో తెలియలేదు.

తర్వాత ఆమె ముందుకు వంగి, గొంతు తగ్గించి అడిగింది. "గని రాహేలు, దిగినవ్ గద. పడిపోకముందు ఏమన్న కనపడ్డదా?"

శ్రీవాణి కూడా ఆ మాటే అడగాలనుకుంది.

"కనపడలె. చేతికి తగిలింది. ఈశాన్యం మూలకు రాయి పగిలిన సందుల చెయ్యి పెట్టిన. తడి. సల్లగుండె. మట్టి తడి గాదు, నీళ్ల తడి. పైకొచ్చి నీకు చెప్పాలనుకున్న. కండ్లు తెరిచినంక ఎల్లన్నకే చెప్పిన, గా మూలకు తవ్వమని."

బాలమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని అప్పటి సంగతి చెప్పింది. ఆ తర్వాత పది రోజులూ ఎల్లన్న వాళ్లను ఈశాన్యం మూల వదలనివ్వలేదట. అక్కడ బండ గట్టిగా ఉంది, దక్షిణం వైపు మెత్తగా ఉంది, అటు పోదామని పిల్లలంతా పోట్లాడారు. బాలమ్మ అందరికంటే ఎక్కువ పోట్లాడింది. ఆయన ఎందుకో చెప్పలేదు, మూలా మార్చలేదు. నీళ్లు ఆ మూలనే పడ్డాయి.

"నేను ఎల్లన్నను మొండోడని తిట్టిన," అన్నది బాలమ్మ. "నా తిట్లు పడ్డడు గని ఒక్క మాట బయట పెట్టలె." అప్పుడు ఆమె రాహేలమ్మ చేతిని తీసుకొని, ఆ అరచేతిని తిప్పి చూసింది, అందులో ఆ తడి ఇంకా ఉంటుందేమో అన్నట్టు.

సాయంత్రం బస్సుకు శ్రీవాణి ఒక్కతే బయల్దేరింది. రాహేలమ్మ రెండు రోజులు ఉండి వస్తానన్నది. బస్టాండు దాకా సాగనంపడానికి వచ్చి కూడా ఇద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు, అప్పుడు పీపాల బండి తోలినాయన పేరు ఏమిటని.

బడిలో మోటార్లు తీసేశాక బావిలో నీళ్లు పెరిగి, రాతి మీది పేర్లు మళ్లీ మునిగిపోయాయి. శ్రీవాణి జరిగినదంతా ఏసురత్నం గారికి చెప్పింది. ఆయన కాసేపు ఫొటో చూసి, శ్లాబు మానేసి ఇనుప జాలీ వేయిద్దాం, లోపలికి కనిపిస్తుంది, ఎవరూ పడరు అన్నారు. వజ్రోత్సవ పుస్తకంలోని ఆ వాక్యం సంగతి మాత్రం తర్వాత చూద్దామన్నారు.

జూన్‌లో బడి తెరిచాక ఒక శనివారం మధ్యాహ్నం బాలమ్మను, రాహేలమ్మను పిలిపించారు. భోజనాల హాలులో పిల్లలు బాసింపట్లు వేసుకొని కూర్చున్నారు. ఇద్దరూ కుర్చీల్లో కూర్చొని, ఒకరు ఆగిన చోట ఇంకొకరు అందుకుంటూ అంతా చెప్పారు. పిల్లలు అడిగిన ప్రశ్నలకు లెక్కే లేదు. తూటా ఎంత చప్పుడు చేస్తుంది, పరీక్షలు ఎలా రాశారు, బొబ్బలకు ఏం పూశారు. ఏడో తరగతి పిల్ల మెహజబీన్ అందరికంటే వెనక లేచి నిలబడి, కరుణమ్మ టీచర్ చేసింది తప్పా కాదా అని అడిగింది.

"తప్పే," అన్నది బాలమ్మ వెంటనే.

"తప్పెట్లయితది?" అన్నది రాహేలమ్మ. "గామె గట్ల చేయకుంటె గా కార్డులు పోస్టయితుండె. గిప్పుడు గీ పిల్లలు ఈడ ఉందురా?"

"నీకు ఏమన్న అయ్యుంటె?"

"కాలె గద."

హాలులో పిల్లలు ఒక్కసారిగా రెండుగా చీలిపోయి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఎస్తేరమ్మ పప్పు గిన్నెతో తలుపు దగ్గర నిలబడి, వడ్డించడం మరిచిపోయి వింటున్నది. బాలమ్మ చెయ్యెత్తి అందరినీ ఊరుకోమని, మెహజబీన్‌ను దగ్గరికి పిలిచింది.

"నువ్వు టీచరమ్మవైతే ఏం చేస్తుంటివి బిడ్డా? ఆలోచించి చెప్పు, తొందర లేదు."

మెహజబీన్ బాలమ్మ కుర్చీ పక్కనే నేల మీద కూర్చొని, మోకాళ్ల మీద గడ్డం ఆనించుకొని, నిజంగానే ఆలోచించసాగింది.